మిస్రీకి మధుమేహం

ప్రతి దినమూ ఉదయం ఆరు గంటలకు ఒకసారి, సాయంత్రం ఆరు గంటలకు ఒకసారి, చేతిలో ఏ పని వున్నా ప్రక్కన పెట్టి ఒక ముసలి పిల్లి ముందు నేను చతికిలబడవలసి వున్నది. ఈ సంగతి తెలిసి సహాధ్యాపకులలో కొందరు నవ్వారు. పిల్లికి కూడా చక్కెర వ్యాధి వస్తుందా అని కొందరు ఆశ్చర్యపోయారు. వస్తే మాత్రం, దానికి రెండు పూటలా సూది వేసే తీరిక ఈ రోజుల్లో ఎవరికున్నదని మరికొందరు అన్నారు. వారి నవ్వును నేను తప్పు పట్టను. 2023కు పూర్వం నేనైనా నవ్వేవాడినే. ఆ నవ్వు నాలో ఎందుకు ఆగిపోయిందో చెప్పుకోవడానికే, సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు అడిగిన సందర్భాన్ని ఉపయోగించుకుంటున్నాను. ప్రబంధ నాయికలను గూర్చి వ్రాయవలసిన తెలుగు పంతులు పిల్లిని గూర్చి వ్రాస్తున్నందుకు విద్యార్థులు మన్నింతురు గాక.

ఆ పిల్లి పేరు మిస్రీ. మిస్రీ అంటే పటికబెల్లం. నేను ఎం.ఏ. ముగించుకొని ఇంటికి చేరిన 2011వ సంవత్సరపు వానాకాలంలో, కర్నూలు పాతబస్తీలోని మా ఇంటి మెట్ల క్రింద, తడిసి ముద్దయి, అరచేతిలో ఇమిడేంత తెల్లని పిల్లికూన ఒకటి దొరికింది. మా అమ్మీ దానిని కొంగుతో తుడిచి వంటింట్లో వెచ్చగా పడుకోబెట్టింది. అప్పటికే ఆమెకు చక్కెర వ్యాధి వచ్చి ఏడేళ్ళు. తేనీటిలో చక్కెర లేదు. పండుగనాడు షీర్ ఖుర్మా లేదు. "తినే యోగం ఎలాగూ లేదు, నోరారా పిలుచుకోనైనా పిలుచుకుంటాను" అని ఆమె దానికి మిస్రీ అని పేరు పెట్టింది. ఆ పేరు ఒకనాడు ఇంత నిజమవుతుందని మాలో ఎవరికి తెలుసు!

ఆమె దానిని పెంచిన తీరు చెప్పాలి. ఉదయం పాలన్నం, పగలు తేనీటిలో ముంచిన బిస్కట్టు, రాత్రి మళ్ళీ పాలన్నం. తనకు నిషిద్ధమైనదంతా దానికి తినిపించి తృప్తిపడేది. పిల్లికి పాలంటే ఇష్టమని మన కథలూ సామెతలూ నేర్పినంతగా, అది మాంసం మీదనే బ్రతకవలసిన జంతువని శాస్త్రం చెప్పిన మాట మాకు తలకెక్కలేదు. మిస్రీ గండుపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించినది, గడప దాటి పెద్దగా తిరగనిది. పదేళ్ళు నిండేసరికి ఏడు కిలోల బరువెక్కింది. చూసినవారు 'పహిల్వాన్' అని ముద్దు చేసేవారు. మేము గర్వపడేవాళ్ళం.

అమ్మీకి 2010 నుంచి ఇన్సులిన్ సూదులు మొదలయ్యాయి. ఆ మందు పంది నుంచి తీసినది కాదు కదా అని ఆమె మొదట వైద్యుణ్ణి అడిగింది. పూర్వం పశువుల నుంచి, పందుల నుంచి తీసేవారని, 1982 తరువాత మానవ ఇన్సులిన్‌నే సూక్ష్మజీవుల చేత తయారు చేయిస్తున్నారని ఆయన చెప్పిన తరువాత గాని ఆమె మనసు స్థిమితపడలేదు. అటు తరువాత ఆమెకు నమాజు విషయంలో ఎంత పాబందీయో సూది విషయంలోనూ అంత పాబందీ. దీనిని తెలుగులో నియమపాలన అనవచ్చును. కాని పాబంద్ అనే మాటకు మూలార్థం, కాలికి కట్టుపడినవాడని. మనిషిని వేళకు ఒకచోట కట్టి నిలబెట్టే ఆ బంధం నియమపాలన అనే మాటలో అంతగా వినిపించదు.

అమ్మీ తన సూది తానే వేసుకొనేది. ఆ తొమ్మిదేళ్ళలో నేను ఒక్కసారైనా ఆ సూది పట్టుకోలేదు. ఆమె అడగలేదని చెప్పి తప్పించుకోవచ్చును; కాని ఆమె అడిగింది. 2017 ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం నేను జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. చక్కెర వల్ల అప్పటికే ఆమె చూపు మందగించింది. లోపలి గదిలో నుంచి, "బేటా, ఈ గీత ఎక్కడున్నదో చూసి చెప్పు" అని పిలిచింది. "ఒక్క నిమిషం అమ్మీ" అన్నాను. ఆ ఒక్క నిమిషం నలభై నిమిషాలయింది. నేను లేచి వెళ్ళేసరికి, ప్రక్కింటి ఏడవ తరగతి పిల్ల గీత చూసి మందు నింపి ఇచ్చిపోయింది. అమ్మీ నన్నొక్క మాట అనలేదు. "పని అయిపోయింది బేటా, నువ్వు దిద్దుకో" అన్నది. ఆ తరువాత రెండేళ్ళు బ్రతికింది గాని, సూదివేళకు నన్ను మళ్ళీ పిలవలేదు. 2019లో మూత్రపిండాలు చెడి కన్నుమూసింది. ఆమె మంచం మీద మిస్రీ మిగిలింది.

2023 వేసవిలో మిస్రీ నీళ్ళు ఎక్కువగా త్రాగసాగింది. కర్నూలు ఎండలు ఎఱిగినవారికి అది వింతగా తోచదు, నాకూ తోచలేదు. పళ్ళెంలో నీళ్ళు అయిపోతే మళ్ళీ నింపాను. తిండి పెరిగింది, ఆకలి బాగున్నదని సంతోషించాను. తిన్నకొద్దీ చిక్కిపోతూ వుంటే ముసలితనం అనుకున్నాను. తరువాత మరొక వింత కనబడింది. వెనుక కాళ్ళ మడమలు నేలకు ఆనించి, కుందేలు కూర్చొన్నట్లు క్రుంగి నడవసాగింది. చివరికి నా కళ్ళు తెరిపించినవి చీమలు. అది మూత్రం పోసే ఇసుకతొట్టి చుట్టూ ఒక ఉదయం చీమలు బారులు తీరి వున్నాయి. ఈ వ్యాధికి మన ప్రాచీన వైద్యులు మధుమేహమని పేరు పెట్టినది మూత్రంలోని ఆ తీపిని గుర్తించే కదా! మధుమేహానికి పర్యాయపదాలు తెలిసిన నాకు, ఆ వ్యాధి కళ్ళముందు మూడు నెలలు తిరుగాడుతున్నా గుర్తు తెలియలేదు.

పశువైద్యుడు చెవి అంచున చిన్న సూదితో పొడిచి రక్తపు చుక్క తీశాడు. ఆరోగ్యంగా వున్న పిల్లి రక్తంలో వంద మిల్లీలీటర్లకు చక్కెర సుమారు 70 నుంచి 150 మిల్లీగ్రాముల వరకు వుంటుంది. మిస్రీకి 410 వున్నది. అయినా ఆయన అంతటితో తేల్చివేయలేదు. పిల్లి భయపడితే చాలు, దాని రక్తంలో చక్కెర పెరుగుతుందట. వైద్యశాలకు వచ్చిన భయం వేరు, వ్యాధి వేరు. అందుచేత గడచిన ఒకటి రెండు వారాల చక్కెర స్థితిని తెలిపే ఫ్రక్టోసమీన్ అనే పరీక్షకు నమూనాను హైదరాబాదుకు పంపించాడు. ఫలితం వచ్చింది. అనుమానం తీరింది.

ఆయన ఓపికగా విడమరచి చెప్పాడు. పిల్లులలో సాధారణంగా వచ్చే మధుమేహం పెద్దవయసు మనుషులకు వచ్చే రెండవ రకం మధుమేహాన్ని పోలి వుంటుంది. స్థూలకాయం, కదలిక లేకపోవడం, పిండిపదార్థాల ఆహారం, ముసలితనం, అందునా ఆపరేషను చేసిన గండుపిల్లి కావడం, ఇవన్నీ దానికి దారులు. రక్తంలో చక్కెర ఒక హద్దు దాటితే మూత్రపిండాలు దానిని ఆపలేవు. చక్కెర మూత్రంలోకి పోతూ నీటిని వెంట తీసుకుపోతుంది. అందుకే ఆ దాహం. నరాలు దెబ్బతిన్నందువల్ల ఆ నడక. త్వరగా గుర్తించి, మాంసాహారం మీద వుంచి, ఇన్సులిన్ సరిగా ఇస్తే, కొన్ని పిల్లులకు కొంతకాలానికి సూది అవసరమే లేకుండా పోతుందట. "మీరు కొంచెం ముందు వచ్చివుంటే" అని ఆయన ఆ వాక్యాన్ని అక్కడే ఆపాడు. ఆ అసంపూర్ణ వాక్యం నాకు కొత్తది కాదు. అమ్మీ మూత్రపిండాల వైద్యుడు కూడా దానిని అలాగే ఆపాడు.

మరొక్క సంగతి విని నేను నిర్ఘాంతపోయాను. పిల్లి నాలుకకు తీపి తెలియదట. తీపిని పట్టే జన్యువు ఆ జాతిలో పనిచేయకుండా పోయిందని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అంటే అమ్మీ పన్నులు కట్టినట్లు రోజూ అర్పించిన బిస్కట్ల తీపి మిస్రీకి ఒక్కనాడూ తెలియలేదన్నమాట! తీపి ఎఱుగని నాలుకకు చక్కెర వ్యాధి వచ్చింది. ఆ తీపి అంతా అమ్మీ మనసులోనే వున్నది.

ఇన్సులిన్‌లో గ్లార్జిన్ అనే రకాన్ని, పన్నెండు గంటలకు ఒకసారి ఒక్కొక్క యూనిట్ చొప్పున వ్రాసిచ్చాడు. ఇంటికి వచ్చి అమ్మీ బిస్కట్ డబ్బా తెరిచాను. ఆమె వాడగా మిగిలిన ఎర్రమూత సిరంజీలు కాగితం చుట్టుతో అలాగే వున్నాయి. క్రొత్తవి కొనడమెందుకని వాటిని తీసుకొని, ఎందుకైనా మంచిదని మందుల దుకాణంలో చూపించాను. దుకాణదారు నా చేయి పట్టుకొని ఆపినంత పని చేశాడు. అవి గడువు తీరినవి. అంతకు మించి, మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందుకు తయారైనవి. మిస్రీకి వ్రాసినది మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే మందు. ఆ సిరంజీలో ఒక యూనిట్ గీత వరకు ఈ మందు నింపితే, ఒంట్లోకి పోయేది రెండున్నర యూనిట్లు. అమ్మీ ఏ గీతను చూసి చెప్పమన్నదో, ఆ గీతకు ఎంత విలువ వున్నదో ఆనాడు దుకాణపు మెట్ల మీద నాకు తెలిసివచ్చింది.

మొదటి సూది వేసిన సాయంత్రం నా చేతులు వణికాయి. వైద్యుడు చూపినట్లు మెడ క్రింది వదులైన చర్మాన్ని రెండు వేళ్ళతో గుడారంలాగా ఎత్తి, దాని మొదట సూది దింపాలి. మిస్రీ పళ్ళెంలో తల పెట్టి మాంసం తింటున్నది. సూది దిగినా తల ఎత్తలేదు. ఇంత తేలికైన పనికి నేను ఇన్నేళ్ళు భయపడ్డానా, లేక ఆ తేలికైన పనిని చేయకుండా వుండడానికి భయమనే పేరు పెట్టుకున్నానా అని నన్ను నేను అడుగుకొన్నాను. జవాబు నాకు తెలుసు.

నేను మంచి పరిచారకుణ్ణని పాఠకులు భ్రమపడరాదు. 2024 జనవరిలో మిస్రీని నేనే చంపబోయాను. అప్పటికి మోతాదు రెండు యూనిట్లకు పెరిగింది. ఒకరోజు ఫజర్ నమాజు ముగించుకొని మసీదు నుంచి రావడం ఆలస్యమయింది. వేళ దాటిపోతున్నదని నా భార్య సూది వేసి, పాలకోసం వీధిలోకి వెళ్ళింది. నేను వచ్చి, ఆమె వేయలేదనుకొని మళ్ళీ వేశాను. మిస్రీ చెప్పలేదు కదా! పదకొండు గంటలకు తరగతిలో వుండగా ఇంటి నుంచి ఫోను వచ్చింది. పిల్లి తూలుతున్నది, కళ్ళు పెద్దవి చేసి గోడకు తల ఆనిస్తున్నది, వణికిపోతున్నది అని ఆమె ఏడుస్తూ చెప్పింది. వైద్యుడు ఫోనులోనే, నోట్లో ఏమీ పోయవద్దని, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని, చిగుళ్ళకు తేనె రుద్ది వెంటనే తీసుకురమ్మని చెప్పాడు. వైద్యశాలలో చూస్తే చక్కెర 38. నరంలోకి గ్లూకోజు ఎక్కించి రాత్రి దాకా అక్కడే వుంచారు.

ఆ వణుకు చూస్తూ బల్ల ప్రక్కన కూర్చొన్నప్పుడు, అమ్మీ కొన్ని రాత్రులు చెమటతో తడిసి మంచం మీద లేచి కూర్చొనేదన్న సంగతి జ్ఞాపకం వచ్చింది. ఉక్కపోత అనుకొని పంకా వేగం పెంచి నేను తిరిగి పడుకొనేవాణ్ణి. ఆమె చీకట్లో తడుముకొంటూ వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసిన చప్పుడు వినబడేది. అది చక్కెర డబ్బా అని నాకు ఇప్పుడు తెలుసు.

ఆనాటి నుంచి మా ఇంట్లో ఒక నియమం ఏర్పడింది. గోడకు నమాజు వేళల క్యాలెండరు వున్నది. దాని ప్రక్కన దారంతో కట్టిన పెన్సిలు వున్నది. సూది వేసినవారు చేయి కడుగుకోకముందే ఆ తేదీ మీద గీత గీయాలి. ఉదయానికి ఒకటి, సాయంత్రానికి ఒకటి. గీత లేదు, వేసినట్లు అనుమానంగా వున్నది, అడుగుదామంటే మనిషి లేదు అన్నప్పుడు, ఆ పూట సూది మానివేయాలి. ఒక పూట తప్పితే చక్కెర కొంత పెరుగుతుంది. రెండుసార్లు పడితే ప్రాణమే పోవచ్చును. పిల్లి తిండి ముట్టకపోయినా వైద్యుణ్ణి అడిగిన తరువాతనే మందు. మందు ఫ్రిజ్‌లో తలుపు ప్రక్కనే గాని మంచు పేరుకొనే అరకు దగ్గర పెట్టరాదు. ఒకసారి గడ్డకడితే ఆ మందు పనికిరాదు. ఇవన్నీ చిన్న విషయాలే. కాని ఒక ప్రాణం ఆ చిన్న విషయాల మీదనే నిలిచి వున్నది.

రంజాను మాసంలో ఈ నియమం నన్ను బాగా పరీక్షించింది. సెహ్రీకి, ఇఫ్తారుకు నడుమ వ్యవధి మా ఊళ్ళో పదమూడు గంటలు దాటుతుంది; సూదికి కావలసినది పన్నెండు గంటలు. కాబట్టి నా ఉపవాసపు వేళలు వేరు, దాని వేళలు వేరు. సాయంత్రం ఆరింటికి, ఇఫ్తారుకు ఇంకా అరగంట వుండగా, నోరు ఎండి కూర్చొన్న నేను కోడిమాంసం ఉడికించి, ఎముకలు తీసి, వైద్యుడు ఇచ్చిన పొడి కలిపి దాని ముందు పెట్టాలి. "అబ్బా, మిస్రీకి మనకంటే ముందే ఇఫ్తార్!" అని మా అమ్మాయి నవ్వుతుంది. ఆకలితో వున్నవాడు మరొక ప్రాణికి తిండి పెట్టేటప్పుడు ఉపవాసం కొంత అర్థమవుతుందని నాకు తోచింది.

మా పెద్ద మామూ మాత్రం నవ్వలేదు. "ఈ డబ్బుతో ఒక బీద బిడ్డకు పుస్తకాలు వచ్చేవి. పిల్లికి పోస్తున్నావా?" అని సూటిగా అడిగాడు. ఆయన ధర్మబుద్ధి కలవాడు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తిరిగి వేటాడుకోనివ్వక చంపిన స్త్రీ నరకం పాలయిందని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలలో వున్నది. అసంఖ్యాకమైన హదీసులను మనకు అందించిన సహాబీ అబూ హురైరా పేరుకు అర్థమే పిల్లికూన తండ్రి అని. ఇవన్నీ మామూకు నాకంటే బాగా తెలుసు. అందుకే వాటిని వాదానికి వాడుకోలేదు. మిస్రీని మేము ఇంట్లో వుంచుకొని, మా తిండే పెట్టి, మా వ్యాధినే తెప్పించాము. ఇప్పుడది వీధిలోకి పోయి బ్రతకలేదు అని మాత్రమే చెప్పాను. మిస్రీ ఖర్చు వ్రాసే పుస్తకంలో ఎదుటి పేజీ మామూ ప్రశ్నకు వదిలాను. దీనికెంత అయితే అంత నెలాఖరున ఆయన చేతిలోనే పెడుతున్నాను. పాతబస్తీలో సూదిమందు కొనలేని ముసలివారు ఎవరో ఆయనకు తెలుసు. ఆయన ప్రశ్నకు ఇది పూర్తి సమాధానం కాదు. కాని ఆ ప్రశ్న అడిగినందుకు ఆయనకు ఋణపడి వున్నాను.

ఇన్సులిన్ కథ చదివినప్పుడు మరొక ఋణం కూడా కనబడింది. 1921లో కెనడా దేశపు టొరాంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు క్లోమగ్రంథి తీసివేసిన కుక్కల మీద ప్రయోగాలు చేసి ఈ మందును సాధించారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ బాలుడొకడు దానిని మొదట అందుకొన్నాడు. అటు తరువాత సుమారు అరవై ఏళ్ళు మనుషులు పశువుల క్లోమాల నుంచి తీసిన మందుతోనే బ్రతికారు. ఆవు ఇన్సులిన్‌కూ పిల్లి ఇన్సులిన్‌కూ ఒకే ఒక్క అమైనో ఆమ్లం తేడా అట. మూగప్రాణులు మనకు ఇచ్చినది ఇంత వుండగా, రోజుకు నాలుగు యూనిట్లు ఒక మూగప్రాణికి తిరిగి ఇవ్వడం దానమెలా అవుతుంది?

మిస్రీకి ఇప్పుడు పద్నాలుగేళ్ళు దాటాయి. మడమలు లేచాయి, మునుపటిలా వేళ్ళ మీద నడుస్తున్నది. నాలుగున్నర కిలోల దగ్గర బరువు నిలిచింది. వ్యాధి మాత్రం పోలేదు, పోదు. ఎన్నాళ్ళుంటుందో అల్లాకు తెలుసు. సాయంత్రం ఆరు కావస్తుండగా అది అమ్మీ మంచం దిగి, వంటింటి గడప దగ్గరకు వచ్చి కూర్చొని నా వైపు చూస్తుంది. అరవదు. గడియారం చూడడం దానికి రాదు గాని, నేను ఆలస్యం చేస్తే దానికి తెలుస్తుంది.

ప్రియ విద్యార్థులారా! మీలో చాలామంది ఇళ్ళల్లో చక్కెర వ్యాధి వున్న అమ్మో, నాన్నో, నానీయో, దాదాయో వుండి వుంటారు. వారు తమ సూది తామే వేసుకొంటూ వుంటారు. మీకు శ్రమ ఇవ్వరాదని పిలవరు. రేపు ఆ వేళకు వెళ్ళి ప్రక్కన కూర్చోండి. సిరంజీ మీద గీత వారికి కనబడుతున్నదో లేదో అడగండి. సూది వేసుకొన్న తరువాత అన్నం తిన్నారో లేదో చూడండి. రాత్రివేళ చెమట పట్టి లేస్తే, పంకా వేగం పెంచి పడుకోకండి. ఎప్పుడైనా వారు మిమ్మల్ని పేరు పెట్టి పిలిస్తే, "ఒక్క నిమిషం" అని మాత్రం అనకండి. ఆ ఒక్క నిమిషాన్ని నేను ఇప్పుడు రోజుకు రెండు పూటలా చెల్లిస్తున్నాను. పుచ్చుకోవలసిన మనిషి మాత్రం లేదు.